ఒక కన్ను ముందుకు వచ్చినట్టుంటే ఇంట్లో ఇలా చూడండి

కర్నూలులో నాది కళ్లద్దాల షాపు. అద్దాలు మార్చినా మసకే అనేవాళ్లలో చాలామందికి శుక్లాలో షుగరో ఉంటాయి. కానీ ఒక్క కంటికే ప్లస్ పవర్ పెరుగుతూ పోతుంటే నేను కొత్త అద్దాలు అమ్మను. కనుగుడ్డు వెనక ఎముక గూట్లో గడ్డ పెరిగి గుడ్డును ముందుకు నెడుతూ నొక్కితే అది కాస్త చదునవుతుంది. ప్లస్ పవర్ అలా కూడా రావచ్చు.

ఎదురుగా చూస్తే ఉబ్బు సరిగా తెలియదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడి, తల కొంచెం వెనక్కి వాల్చమనండి. నుదుటి మీదుగా కిందికి చూస్తే ఏ రెప్ప ముందుకు పొడుచుకొచ్చిందో తెలిసిపోతుంది. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "నాకేం ఉబ్బలేదు సామీ, పుట్టినప్పట్నుంచీ ఇంతే" అన్నాడు. ఆయన జేబులోని ఆధార్ కార్డు తీసి చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు. పాత ఫొటోను మించిన సాక్ష్యం లేదు.

తర్వాత ఎర్రటి సీసా మూత తీసుకుని ఒక్కో కన్ను మూసి చూడండి. ఒక కంటికి ఆ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తే కంటి నరం మీద ఒత్తిడి ఉండొచ్చు. అక్షరాలు బాగానే చదువుతున్నా ఈ తేడా ముందే బయటపడవచ్చు. రెండు కళ్లూ తెరిచినప్పుడు ఒకటే వస్తువు రెండుగా కనిపించి, ఒక కన్ను మూయగానే ఒకటైతే, కన్ను పక్కకు జరిగిందేమో చూపించుకోవాలి. రాత్రి రెప్ప పూర్తిగా మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడొచ్చు.

పిల్లల్లో కొన్ని రోజుల్లోనే కన్ను ఉబ్బితే ఆ రోజే పరుగెత్తండి. పెద్దవాళ్లలో చాలా గడ్డలు క్యాన్సర్ కావు, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. అలాగని ఊరుకోవద్దు. నరం ఎక్కువకాలం నలిగితే పోయిన చూపు మళ్లీ రాకపోవచ్చు. ఈలోగా పసరు పోయడం, కన్ను పిసకడం వద్దే వద్దు.

మన ఊళ్లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. పాత ఫొటోలు, పాత అద్దాల చీటీలు తీసుకెళ్లండి. డాక్టరు స్కాన్ రాస్తే ఖర్చని వాయిదా వేయకండి. సీటీలో ఎముక, ఎంఆర్‌ఐలో నరం బాగా తెలుస్తాయి. థైరాయిడ్ రక్తపరీక్ష కాగితం ఉంటే అదీ పెట్టుకోండి. పెద్దవాళ్లలో కన్ను ముందుకు రావడానికి అన్నిటికంటే ఎక్కువగా కారణం థైరాయిడ్ జబ్బే, ఒక్క కన్నే వచ్చినా సరే.