మెటల్ వినే దోస్త్, పాప్ వినే దోస్త్: ఇద్దరూ కలిసి పాటలు వినాలంటే

డబుల్ బేస్ డ్రమ్స్ దడదడలాడితేనే ఒకరికి అది పాట. ఇంకొకరికి కోరస్ రెండోసారి వచ్చేసరికి నోట్లో ఆడాలి, లేకపోతే అది పాటే కాదు. హనుమకొండ హాస్టళ్లలో, నిట్ క్యాంపస్‌లో, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) చుట్టుపక్కల అద్దె రూముల్లో ఇలాంటి జోడీలు బోలెడు కనిపిస్తాయి. చాలామంది ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లు పెట్టుకుని ఊరుకుంటారు. ఊరుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాది మెటల్, అంటే గిటార్లు బరువుగా మోగే రాక్; నా దోస్త్‌ది పక్కా పాప్. ఏళ్ల తరబడి ఒకరి పాటలు ఒకరం వింటున్నాం, అందులో మాకు పనికొచ్చిందే ఇక్కడ చెప్తున్నా.

మనకు ప్రాణమైన పాట పెట్టి, "ఎట్లుంది?" అని పక్కవాడి మొహం చూస్తూ కూర్చుంటే వాడికి అది పరీక్షే. బాగాలేదంటే మనం నొచ్చుకుంటాం, బాగుందంటే మొహమాటానికి అన్నాడేమో అనిపిస్తుంది. అందుకని మీకు అన్నిటికంటే ఇష్టమైన పాటను మొదట పక్కన పెట్టండి. దోస్త్‌కు ఇప్పటికే నచ్చే సంగతి ఏదో ఒకటి ఉన్న పాటను మీ దాంట్లోంచి వెతికి తీయండి. కష్టమంతా ఈ వెతకడంలోనే ఉంది, దానికి ఎంత టైమ్ పెట్టినా తక్కువే.

వెతకాలంటే ముందు అడగాలి. "నీకు ఏ సింగర్ ఇష్టం" అని అడిగితే పేరు చెప్తాడు, ఆ పేరుతో మీకు ఒరిగేదేమీ లేదు. "ఆ పాటలో నువ్వు ఏ చోటు కోసం ఎదురు చూస్తావు" అని అడగండి. గొంతు ఒక్కసారిగా పైకి లేచే చోటు అన్నాడనుకోండి, ఐరన్ మెయిడెన్ బ్యాండ్‌లో బ్రూస్ డికిన్సన్ పాడిన 1982 నాటి ఆల్బమ్ తీయండి, అందులో గాండ్రింపులు ఉండవు, నిండు గొంతుతో పై స్థాయికి వెళ్లి అక్కడే నిలబడే పాట ఉంటుంది. మెల్లగా మొదలై పెద్దదయ్యే పాటలు ఇష్టమంటే మెటాలికా 1991 ఆల్బమ్‌లోని 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' ఉంది. మొదట గిటార్ తీగలు ఒక్కొక్కటిగా విడివిడిగా మోగుతాయి, తర్వాత గొంతు వస్తుంది, వెనకాల ఆర్కెస్ట్రా ఉన్నట్టు చాలామంది గమనించరు కూడా, గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే అసలు సోలో మాత్రం పాట చివరికి గానీ రాదు. ఆరు నిమిషాలు దాటిన పాట అది, అయినా పాప్ వినేవాళ్లు మధ్యలో ఆపమనడం నేను చూడలేదు.

మెటల్ గిటార్ ఎందుకంత బరువుగా మోగుతుందని అడిగితే మెటల్‌కు పునాది వేసిన ఇంగ్లండ్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ సంగతి చెప్పండి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా ఆ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ కుడి చేతి రెండు వేళ్ల కొసలు మిషన్‌లో తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం గిటారిస్ట్, అంటే తీగలు నొక్కాల్సిన వేళ్లే అవి. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, నొక్కడానికి నొప్పి తగ్గాలని తీగలు వదులు చేసుకున్నాడు, తీగ వదులైతే శబ్దం కిందికి దిగుతుంది. 1970లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది, ఇంకో ఏడాదికే ఆ కిందికి దిగిన గిటార్ మోత వాళ్ల గుర్తు అయిపోయింది. ఇది తెలిశాక విన్న చెవి వేరు. "ఏందిరా ఈ లొల్లి, బంద్ చెయ్" అన్న మనిషే "ఆ వేళ్లతో వాయించిండా?" అని వెనక్కి జరిపి మళ్లీ వింటాడు.

గ్రౌల్, అంటే మెటల్‌లో గాండ్రిస్తున్నట్టు పాడే పద్ధతి, దాన్ని మాత్రం తొందరపడి వినిపించొద్దు. అది వట్టి అరుపు కాదని, స్వరతంత్రుల పైన ఉండే మడతలను కంపింపజేసి తీసే శబ్దమని, సాధన లేకుండా చేస్తే గొంతు పాడవుతుందని ముందే చెప్పండి. తర్వాత ఆర్చ్ ఎనిమీ బ్యాండ్‌లో 2000లో చేరిన ఏంజెలా గోసోవ్ పాడింది వినిపించండి. పాడేది ఆడమనిషి అని పాట అయ్యాకే చెప్పండి. లిరిక్స్ స్క్రీన్ మీద ఉంచుకుని వింటే సగం భయం పోతుంది. అప్పటికీ పడకపోతే వదిలేయండి, గ్రౌల్ లేని మెటల్ జీవితానికి సరిపడా ఉంది.

ఇక మెటల్ వాళ్లకు నా మాట. పాప్ అంటే తేలిక అనుకోవడం మానేయాలి. పాప్‌లో చెవికి అతుక్కుపోయే చిన్న ముక్కను హుక్ అంటారు కదా, అది చేసే పని మన బతుకమ్మ పాటల్లో ప్రతి పాదం చివరా ఉయ్యాలో అని తిరిగొచ్చే మాట చేసే పనే. పాట తెలియని మనిషి కూడా దాని దగ్గర గొంతు కలుపుతుంది, చప్పట్లన్నీ అక్కడే ఒక్కటవుతాయి. అంత చిన్న ముక్కను వందసార్లు విన్నా విసుగు రాకుండా కట్టడం ఎంత కష్టమో రాయడానికి కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. 1998లో బ్రిట్నీ స్పియర్స్ మొదటి హిట్ రాసిన మ్యాక్స్ మార్టిన్ అంతకుముందు స్వీడన్‌లో ఒక గ్లామ్ మెటల్ బ్యాండ్‌కు సింగర్, మీ వైపు నుంచి వెళ్లిన మనిషే. బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్‌ను అన్న ఫినియాస్‌తో కలిసి ఎక్కువగా ఇంట్లో గదిలోనే చేసింది. మంచి ఇయర్‌ఫోన్స్‌తో వినండి, గొంతు చెవి పక్కనే గుసగుసలాడుతుంటుంది, కింద బేస్ మెటల్‌కేం తీసిపోదు.

రెండు వైపులా కాలు పెట్టిన పాటలు కొన్ని దగ్గర ఉంచుకోవాలి. మొదటిది మైకేల్ జాక్సన్ 'బీట్ ఇట్'. 1982 ఆల్బమ్‌లోది, అందులో సోలో వాయించింది రాక్ గిటారిస్ట్ ఎడీ వాన్ హేలెన్, పైసా తీసుకోకుండా వాయించాడు. గిటార్ సోలో వస్తే ఫార్వర్డ్ చేసే అలవాటున్న దోస్త్ ఈ ఒక్క సోలోను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాడని గుర్తుచేయండి. స్వీడన్ బ్యాండ్ ఘోస్ట్ 2013లో 'అబ్బా' అనే పాప్ బృందం పాట ఒకటి తమ పద్ధతిలో చేసింది, అసలుదీ ఇదీ వెంటవెంటనే వినండి, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి చాలా దొరుకుతుంది. జపాన్ బేబీమెటల్‌ది అచ్చంగా పాప్ గొంతులు, వెనక అచ్చంగా మెటల్. ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ పాప్ పాటలను మెటల్‌గా మార్చి యూట్యూబ్‌లో పెట్టడంతో మొదలై, 2022లో సొంత పాటలతో 'రక్షక్' ఆల్బమ్ తెచ్చింది, అందులో ఢోల్ మోగుతుంది. డప్పు దెబ్బకు కాళ్లు కదిపే ఊళ్లల్లో పెరిగినవాళ్లకు ఈ బ్యాండ్ దగ్గర మెటల్ కొత్తగా అనిపించదు, నన్నడిగితే పాప్ దోస్త్‌కు తొలి మెటల్ పాట ఇక్కడి నుంచే ఇవ్వాలి.

ఎక్కడ వినాలి అంటే, కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైలు నాకు అన్నిటికంటే ఇష్టం. సుమారు రెండు గంటలు, ఎవరూ లేచి వెళ్లిపోలేరు, సిగ్నల్ పోయినా ఆగకుండా పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడుస్తూ కూడా బాగుంటుంది. బండి మీద మాత్రం వద్దు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఒకే జత ఇయర్‌బడ్స్‌లో చెరొకటి పెట్టుకుంటాం కదా, అలా వింటే ఇద్దరూ ఒకే పాట వినడం లేదు. మెటల్ రికార్డింగ్‌లో ఒక గిటార్‌ను పూర్తిగా ఎడమకు, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి పెట్టడం మామూలు. కుడి బడ్ పెట్టుకున్నవాడికి ఎడమ గిటార్ దాదాపు చేరదు. రెండు గిటార్లు ఒకదానికొకటి జవాబిచ్చుకునే చోట మీరు మైమరచిపోతుంటే, వాడికి సగం ఖాళీగా ఉంటుంది, "ఇందులో ఏముందిరా" అంటాడు, అందులో వాడి తప్పేం లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి, రెండు వైపులా అంతా కలిసి వినిపిస్తుంది, ఐఫోన్‌లోనూ ఉంది. తర్వాత ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. వైర్ ఇయర్‌ఫోన్లయితే ఒకే ఫోన్‌కు రెండు జతలు తగిలించే స్ప్లిటర్ ఒకటి కొనుక్కుంటే ఇద్దరికీ పూర్తి స్టీరియో దొరుకుతుంది, కొన్ని ఫోన్లు రెండు బ్లూటూత్ సెట్లకు ఒకేసారి పాట పంపుతాయి, అదైతే ఇంకా మంచిది.

సౌండ్ కూడా ముందే సరిచేసుకోండి. స్పాటిఫై సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్‌లో ఉంటే ఒక పాట మెల్లగా, తర్వాతిది చెవులు పగిలేలా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. మెటల్ వాళ్లం ఈ లెక్క గోడ మీద రాసుకోవాలి.

పద్ధతి విషయానికొస్తే, చెరో రెండు పాటలు, ఒకరి తర్వాత ఒకరిది. నాలుగు దాటితే చెవి అలసిపోతుంది, ఐదో పాట ఎంత మంచిదైనా నష్టపోతుంది. పాట మొదలయ్యే ముందు ఒకే ఒక్క మాట చెప్పాలి, "డ్రమ్స్ వెంబడి పో" అనో "రెండో కోరస్‌లో వెనక గొంతులు విను" అనో. మొదలయ్యాక ఫోన్ ముట్టొద్దు, మధ్యలో మాట్లాడొద్దు, "ఇప్పుడొస్తది చూడు" అని గిల్లడం అసలే వద్దు. అయిపోయాక నచ్చిందా లేదా అని అడగకుండా, ఏం వినిపించిందో చెప్పమనండి. నా దోస్త్ ఒకసారి ఒక మెటల్ పాట విని, "బేస్ గిటార్ ఒక్కటే వేరే ట్యూన్ వాయిస్తుంది కదా" అన్నాడు, ఎన్నో ఏళ్లుగా విన్న పాటలో నేను దాన్ని పట్టించుకోనే లేదు. పాప్ చెవి ట్యూన్ వెంట పోతుంది కాబట్టి అది వాడికి దొరికింది.

స్పాటిఫైలో బ్లెండ్ అని ఉంటుంది, ఇద్దరి పాటలను కలిపి అదే ప్లేలిస్ట్ చేస్తుంది. సరదాగా చూడొచ్చు కానీ ఆ పాట మీ దోస్త్‌కు ఎందుకు పనికొస్తుందో దానికి తెలియదు. చేత్తో చేసుకున్న ఉమ్మడి ప్లేలిస్ట్ ఒకటి పెట్టుకోండి, ఇద్దరూ పాటలు చేర్చేలా యూట్యూబ్‌లోనూ చేసుకోవచ్చు. మా దాంట్లో షరతు ఒకటే: మన వైపు పాటను మనం చేర్చకూడదు. మెటల్ పాట ఏది ఉండాలో పాప్ దోస్త్ చెప్తాడు, పాప్ పాట ఏదో నేను చెప్తాను, తీసేసే హక్కు కూడా చేర్చినవాడిదే.