టోపీ కొనబోయి టోపీ పెట్టించుకోకుండా

పదకొండేళ్లుగా నా పని చేలల్లోనే. ఒక విత్తనాల కంపెనీ తరఫున నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఊళ్లు తిరుగుతూ పత్తి ఎట్లా మొలిచింది, మిర్చికి తెగులేమైనా తగిలిందా అని చూసుకుంటూ పోవడం, పొద్దున ఏడింటికి హన్మకొండలో బండి తీస్తే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరడం. ఇన్నేళ్లలో తొమ్మిది టోపీలు కొన్నాను. అందులో రెండే పెట్టిన డబ్బులకు పనికొచ్చాయి, మిగతా ఏడూ నాకు టోపీ పెట్టినవే. ఆ ఏడింటి దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, దుకాణానికి వెళ్లే ముందు ఒకసారి చదువుకుంటే ఒకటి రెండు టోపీల ఖర్చన్నా మీకు మిగులుతుంది.

ముందుగా మన దగ్గర ఒక టోపీ ఏడాది పొడుగునా ఏమేం చూస్తుందో లెక్కేసుకోండి. మార్చి నుంచి ఎండ ముదిరి మే నెలలో 44, 45 డిగ్రీలకు పోతుంది, రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. మధ్యలో ఏప్రిల్‌లో ఉన్నట్టుండి గాలి దుమారం, వడగళ్లు. జూన్ రెండో వారం దాటితే వానలు, ఆ తర్వాత రోజుల తరబడి ముసురు, ముసురు విడిచిన పూట ఉక్కపోత. చలికాలం పొద్దున మంచు, మధ్యాహ్నానికి మళ్లీ ఎండే. ఇన్నింటిలో టోపీని అన్నిటికంటే తొందరగా పాడుచేసేది, నా లెక్కలో, చెమట. ఎండకు రంగు వెలుస్తుంది, వానకు తడుస్తుంది, ఆరుతుంది, ఇవన్నీ కంటికి కనిపిస్తూ జరుగుతాయి. చెమటేమో ఉప్పును, తల నూనెను వెంటేసుకుని లోపలి పట్టీలోకీ కుట్లలోకీ దిగి రోజూ ఇంత చొప్పున తింటూ పోతుంది. అందుకే టోపీ చేతికి రాగానే అందరూ అద్దం ముందు పెట్టుకుని చూసుకుంటుంటే నేను తిరగేసి లోపల చూస్తాను.

లోపల నుదుటికి ఆనే పట్టీ కాటన్‌దో, తువ్వాల లాంటి బొచ్చు గుడ్డదో ఉండాలి, వెడల్పు మూడు సెంటీమీటర్లకు తగ్గకూడదు. చౌక టోపీల్లో అక్కడ రెక్సిన్ ముక్క వేస్తారు. కొత్తలో నున్నగా బాగానే ఉంటుంది, కానీ అది చెమటను పీల్చదు, పీల్చని చెమట నేరుగా కళ్లలోకి దిగి మండుతుంది, రెండు మూడు నెలలు తిరిగేసరికి రెక్సిన్ పొట్టు పొట్టుగా రాలి నుదుటికి అంటుకుంటుంది. తర్వాత అంచు, పైభాగం కలిసే చోట కుట్టు చూడండి, అక్కడ రెండు వరసలు ఉండాల్సిందే. టోపీ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు మనం పట్టుకునేది అంచును, రోజుకు ఇరవై సార్లు లాగుడంతా ఆ ఒక్క కుట్టు మీద పడుతుంది. అంచు మీద గుండ్రంగా చుట్లు చుట్లుగా కుట్లు వేసి ఉంటే ఇంకా మంచిది, పది సార్లు ఉతికినా అంచు చెవుల మీదికి వాలకుండా పట్టి ఉంచేవి ఆ కుట్లే. దారం పాలిస్టర్‌దా కాటన్‌దా తెలియాలంటే లోపల వేలాడే దారపు కొస ఒకటి తెంపి అగ్గిపుల్లతో అంటించండి. కాటన్ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి చివర గట్టి గుండులా ముద్ద కడుతుంది. చెమటకు, తడికి పాలిస్టర్ దారమే ఎక్కువ కాలం ఆగుతుంది. దుకాణంలో మాత్రం అగ్గిపెట్టె తీయకండి, నేను ఒకసారి తీస్తే దుకాణదారు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మరో రెండు పరీక్షలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. టోపీలో ఫోన్ లైటు పెట్టి బయటినుంచి చూడండి. గుడ్డంతా చుక్కలు చుక్కలుగా మెరిస్తే అదే దారిలో ఎండ కూడా లోపలికి వస్తుంది. గాలి ఆడడానికి పక్కల జాలీ ఉండొచ్చు, నడినెత్తిన మాత్రం నేత దిట్టంగా ఉండాలి. రెండోది క్యాపుల సంగతి: ముందు రెక్కను కొంచెం వంచి వదలండి. ప్లాస్టిక్ అయితే టక్కున తిరిగి వస్తుంది, అట్టముక్క అయితే ముడత అక్కడే నిలుస్తుంది. అట్ట వేసిన క్యాపు మొదటి పెద్ద వానకే ఉబ్బి వంకరపోతుంది, ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.

ఇక ఆకారం. దీన్ని చాలామంది ఫ్యాషన్ విషయం అనుకుంటారు, నా మట్టుకు మీరు పనిలో ఎట్లా నిలబడతారన్నదే ఇందులో తేల్చాల్సిన సంగతి. నిలబడి, నడిచి చేసే పని అయితే చుట్టూ అంచున్న టోపీ కావాలి. ఏడున్నర సెంటీమీటర్ల అంచు ఉంటే ముఖం, చెవులు, మెడ మూడూ నీడలోకి వస్తాయి. అంతకంటే బాగా వెడల్పయితే గాలికి గొడుగులా లేస్తుంది. ముందు రెక్క మాత్రమే ఉన్న క్యాపు ముక్కును కాపాడుతుంది గానీ చెవులకూ మెడకూ చేసేదేమీ లేదు. వంగి చేసే పనికి, అంటే నాటు వేయడం, కలుపు తీయడం, మిర్చి ఏరడం, లెక్క తిరగబడుతుంది. వంగిన మనిషి ముఖం ఎట్లాగూ నీడలోనే ఉంటుంది, ఎండంతా మెడ వెనక పడుతుంది. అప్పుడు ముందు అంచు ఎంత వెడల్పున్నా లాభం లేదు, వెనక గుడ్డ వేలాడే టోపీ కావాలి, అది దొరక్కపోతే మామూలు టోపీ కింద తువ్వాల వేసుకుని కొస వెనక్కి వదిలేస్తే సరిపోతుంది.

ఈ మాట నాకు చెప్పింది మా వదిన. పరకాల దగ్గర మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్లు చీర మీద చొక్కా తొడుక్కుని తలకు తువ్వాల చుట్టుకుంటారు కదా, టోపీ ఎందుకు పెట్టుకోరు వదినా అంటే, "ఆ టోపీలన్నీ మీ మగోళ్ల నెత్తులకు కుట్టినయే, కొప్పు యాడ పెట్టుకోవాలె?" అంది. నిజమే. ఆడవాళ్లకు కొనేటప్పుడు వెనక చీలిక ఉండి వెల్క్రోతో బిగించుకునే రకం చూడండి, కొప్పయినా జడయినా అందులోంచి బయటికి వస్తుంది. చీలిక లేని రకమే దొరికితే ఒక సైజు పెద్దది తీసుకుని కింద తువ్వాలతో సరిచేసుకోవడం తప్ప దారి లేదు.

మనలో ఎక్కువ మందిమి తిరిగేది బండి మీద. బండి మీద హెల్మెట్టే, టోపీ కాదు, అందులో వాదన లేదు. మరి అప్పుడు టోపీ ఎక్కడుంటుంది? సంచిలో నలిగిపోయి. దాన్ని తాడుతో మెడకు వెనక వేలాడేసుకుని బండి నడిపే వాళ్లను చూస్తాను, గాలికి అది గొంతును వెనక్కి లాగుతుంది, అట్లా చేయకండి. కాబట్టి మన అవసరానికి చుట్టి సంచిలో కుక్కినా తీయగానే మళ్లీ ఆకారానికి వచ్చే టోపీయే కావాలి. దుకాణంలోనే చుట్టి, ఒక నిమిషం పిడికిట్లో పట్టుకుని వదిలి చూడండి. గడ్డి అల్లిక టోపీ చల్లగా, తేలిగ్గా ఉంటుంది, తోటకు, పెరడుకు భేషుగ్గా పనికొస్తుంది, కానీ నాలుగు సార్లు మడిస్తే మడత దగ్గర విరుగుతుంది. హెల్మెట్ కింద క్యాపు పెట్టుకునే అలవాటుంటే అదీ మానేయండి, పైన ఉన్న బొత్తం నడినెత్తిన గుచ్చుకుంటుంది, హెల్మెట్ కూడా సరిగా కూర్చోదు. ఒక పలుచని దస్తీ చాలు.

గుడ్డ విషయానికి వస్తే కాస్త నిదానంగా చూడాలి, మోసమంతా ఇక్కడే జరుగుతుంది. మామూలు గాలిలో పెట్టి ఉంచినా కాటన్ తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టి ఉంటుంది, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. మే నెలలో కాటన్ టోపీనో రుమాలునో నీళ్లలో ముంచి పెట్టుకుంటే ఆ నీళ్లు ఆవిరవుతూ నెత్తిని చల్లబరుస్తాయి, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే పని ఆగస్టులో చేస్తే గాలిలోనే తడి ఉంది కనుక నీళ్లు ఆవిరి కావు, తడి గుడ్డ నెత్తిన బరువుగా ఉండి రెండు రోజుల్లో ముక్క వాసన కొడుతుంది. పాలిస్టర్, నైలాన్ టోపీలు ముసురులో తడిసినా గట్టిగా విదిలిస్తే సగం ఆరినట్టే. ముళ్లకు, రాపిడికి నైలాన్ గట్టిది, ఏళ్ల తరబడి ఎండకు పాలిస్టర్ గట్టిది. ఏడాదంతా ఒక్కటే టోపీ అంటే నేను చెప్పేది కాటన్, పాలిస్టర్ కలిపి నేసిన గుడ్డ, లోపలి పట్టీ మాత్రం కాటన్‌ది. రెండు కొనుక్కునే స్తోమత ఉంటే ఎండకు కాటన్, వానకు నైలాన్, ఇక ఆలోచించే పనే లేదు.

చీటీ మీద యూపీఎఫ్ 50 అని ఉంటుంది కొన్నింటికి. చర్మానికి హాని చేసే అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే 2 శాతమే గుడ్డ దాటి వస్తాయని దాని అర్థం. మంచిదే, అయితే నూట యాభై రూపాయల టోపీకి అతికించిన చీటీని చూసి నమ్మేయకండి, ఫోన్ లైటు పరీక్ష దానికీ పెట్టండి. రంగులో పైన లేత రంగు, అంచు అడుగున ముదురు రంగు ఉంటే సుఖం. పైన లేత రంగు వేడిని తక్కువ పట్టుకుంటుంది, అడుగున ముదురు రంగు పొలంలో నిలిచిన నీళ్ల మీంచి వచ్చే మెరుపును కళ్లలోకి తిప్పి కొట్టదు. తెల్లటిది మాత్రం వద్దు, మన ఎర్రమట్టి చెలకల్లో వారానికే దాని రంగు ఏదో చెప్పలేరు.

వాన టోపీల దగ్గర నేను రెండు సార్లు దెబ్బతిన్నాను. మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించిన వాటర్‌ప్రూఫ్ టోపీ. లోపలివైపు పలుచగా ఒక పొర పూసి ఉంది, ఒక ఎండాకాలం బండి డిక్కీ వేడిలో ఉండేసరికి ఆ పొర చుండ్రులా రాలడం మొదలైంది. పైగా నీళ్లు బయటినుంచి రానివ్వని గుడ్డ చెమటను లోపలినుంచి పోనివ్వదు, నెత్తి వానకు తడవలేదు గానీ చెమటకు తడిసింది. ఇప్పుడు నేను నీటి చుక్క వేస్తే కాసేపు ముత్యంలా నిలిచి జారిపోయే గుడ్డ చాలనుకుంటున్నాను. గట్టి వానకు గొడుగో రెయిన్‌కోటో ఎట్లాగూ తప్పదు, 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది, అట్లాంటి వానకు ఏ టోపీ పెట్టుకుంటారు, ఇంట్లో కూర్చోవాలి.

రెండో దెబ్బ ఉన్ని టోపీ. మా ఊళ్లో గొర్లు కాసే తాతలు గొంగడి కొప్పెర వేసుకుని ముసురంతా బయటే గడిపేవాళ్లు, అది గుర్తొచ్చి ఉన్ని కదా, వానకు ఆగుతుందిలే అని ఎనిమిది వందలు పోసి కొన్నాను. గొంగడి దిట్టమైన ముతక ఉన్నితో నేసింది, దానికి ఒక ఆకారంలో నిలబడాల్సిన పని లేదు. దుకాణాల్లో అమ్మే ఉన్ని టోపీ నేసింది కాదు, ఉన్నిని తడిపి అదిమి, ఆకారం నిలవడానికి గంజి లాంటిది పెట్టింది. తడిస్తే ఆ గంజి పోతుంది, ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. ములుగు దారిలో గంటసేపు తడిసి, ఇంటికొచ్చి ఎండలో ఆరేస్తే మర్నాటికి నా నెత్తికి కాదు, మా అబ్బాయి నెత్తికి కూడా పట్టలేదు.

సైజు చాలా సులువు, అయినా ఎవరూ చూసుకోరు. దారం తీసుకుని కనుబొమ్మలకు వేలెడు పైన, చెవులకు కొంచెం పైన తల చుట్టూ కొలిచి స్కేలు మీద పెట్టండి, 57 వస్తే 58 సైజు తీసుకోండి. కాటన్‌ది మొదటి ఉతుకులో కాస్త ముడుచుకుంటుంది. పెట్టుకున్నాక పట్టీకీ నుదుటికీ మధ్య ఒక వేలు దూరాలి. గదవ కింద తాడు ఉండాల్సిందే, ఏప్రిల్ దుమారానికి తాడు లేని టోపీ పక్కవాళ్ల బావిలో తేలుతుంది. మక్కలు పట్టే మిషన్ దగ్గరికి, వరికోత మిషన్ దగ్గరికి పోయేటప్పుడు మాత్రం తాడు, తువ్వాల కొసలు రెండూ విప్పి పక్కన పెట్టండి, ఇది మరిచిపోవద్దు. చలికి మంకీ క్యాపు వేరే కొనుక్కోండి, దాని పని టోపీతో చేయించాలని చూడకండి.

రోడ్డు పక్క బండి మీద నూట యాభైకి దొరికేది ఒక ఎండాకాలం వస్తుంది. నాకు నాలుగేళ్లు వచ్చినది ఐదు వందల అరవై పడింది. వారానికోసారి ఆ పట్టీ ఒక్కదాన్నే సబ్బుతో రుద్ది కడిగితే మొత్తం టోపీని నెలకోసారి ఉతికినా చాలు. బ్రష్షు వద్దు, వాషింగ్ మిషన్ అసలే వద్దు. ఆరేసేటప్పుడు తీగకు క్లిప్పు పెట్టకుండా నీడన బోర్లించిన గంజు మీద పెట్టండి, ఆకారం నిలుస్తుంది. పట్టీ పాడైతే టోపీ పారేయకండి, పాత కాటన్ బనీను ముక్కతో దర్జీ కొత్త పట్టీ వేస్తాడు, నా దగ్గర ముప్పై తీసుకున్నాడు. ఎండకు పట్టి చూస్తే నడినెత్తిన చుక్కలు కనబడడం మొదలైన రోజున మాత్రం మార్చేయాలి. నాది ఇంకా అంతదాకా రాలేదు. ఆ ఉన్ని టోపీ అంటారా, మా మిర్చి చేలో దిష్టిబొమ్మ నెత్తిన ఉంది, కుండ చిన్నది కాబట్టి సరిగ్గా సరిపోయింది.