షెనాండోవా వాగుల్లో ట్రౌట్ కోసం వెళ్ళేవాళ్ళకి

వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్ళు ఆకుల రంగులు చూడ్డానికి షెనాండోవా నేషనల్ పార్క్‌లో కొండల మీద సాగే స్కైలైన్ డ్రైవ్ రోడ్డుకి ఎలాగూ వెళ్తారు, కానీ ఆ కొండల మీంచి దిగే చిన్న వాగుల్లో అక్కడే పుట్టి పెరిగే బ్రూక్ ట్రౌట్ అనే చేప ఉందని చాలామందికి తెలీదు. జానెడుంటే పెద్ద చేప కిందే లెక్క, అందం మాత్రం చెప్పలేం. హెర్బర్ట్ హూవర్ అమెరికా ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు 1929లో ఈ చేపలు పట్టుకుంటూ సేదతీరడానికి రాపిడాన్ వాగు పుట్టే చోట క్యాంపు కట్టించుకున్నాడు.

16 ఏళ్ళు నిండితే వర్జీనియా ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. పార్క్ లోపల వానపాములూ అవీ కుదరవు, ఒకే కొక్కెం ఉన్న ఆర్టిఫిషియల్ ఎరలే వాడాలి, కొన్ని వాగుల్లో పట్టింది వదిలేయాల్సిందే, వెళ్ళేముందు ఏ వాగుకి ఏ రూలో చూస్కోండి. 7 అడుగుల 3 వెయిట్ (తేలికపాటి లైన్‌కి సరిపోయే) ఫ్లై రాడ్, 14 నంబర్ పారాషూట్ ఆడమ్స్ అనే ఫ్లై (పురుగులా కనిపించేలా కొక్కేనికి కట్టిన ఎర) ఉంటే మొదలుపెట్టేయొచ్చు.

అసలు పనంతా నడకలోనే ఉంది. ట్రౌట్ నీళ్ళకి ఎదురుగా మొహం పెట్టి పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల కోసం చూస్తుంటుంది, కాబట్టి మీరు కిందనుంచి పైకి, వంగి, అవసరమైతే మోకాళ్ళ మీద వెళ్ళాలి, నీడ మడుగు మీద పడిందా ఇక ఆ మడుగు వదిలేయండి. ముందు ఫ్లైని మడుగు కింది చివర వేయండి, తర్వాతే పైభాగం, ఎందుకంటే చివర ఉన్న చేప బెదిరి పైకి పరిగెడితే మిగతావన్నీ రాళ్ళ కిందకి పోతాయి. రాడ్ పైకెత్తి లైన్‌ని వీలైనంత నీళ్ళకి తగలకుండా ఉంచండి, లేకపోతే ప్రవాహం లైన్‌ని లాగుతుంది, దాంతో ఫ్లై కూడా జారుతుంది, నిజం పురుగు అలా కదలదని చేపకి బాగా తెలుసు. కొమ్మలు అడ్డమొస్తే ఫ్లైని వేళ్ళతో పట్టుకుని రాడ్‌ని విల్లులా వంచి ఫ్లైని వదలండి. చేప ఫ్లైని అందుకుని నీళ్ళు చిట్లగానే మణికట్టు కొంచెం ఎత్తితే చాలు, గట్టిగా లాగొద్దు.

కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ముందే ప్లయర్‌తో నొక్కేయండి, చేయి తడుపుకుని, చేపని నీళ్ళలోనే ఉంచి విప్పండి. ఎండాకాలం నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే దయచేసి పట్టొద్దు, వదిలినా చచ్చిపోయే అవకాశం ఎక్కువ. అక్టోబర్, నవంబర్‌లో గుడ్లు పెడతాయి, అప్పుడు వాగు అడుగున శుభ్రంగా తెల్లగా కనిపించే గులకరాళ్ళ మీద కాలు పెట్టకండి, గుడ్లుండేది అక్కడే.

నాలుగైదుసార్లు వేసినా ఏదీ పైకి రాకపోతే ఆ మడుగు దగ్గరే కూర్చోకుండా పై మడుగుకి వెళ్ళిపోండి.