గుర్రపుస్వారీ నేర్పాలంటే – 3వ పాఠం: మొదటి ఇరవై నిమిషాలు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? గుర్రం దవడ ఎముక కింద రెండు వేళ్ళు ఆనించి నాడి లెక్కపెట్టమన్నాను. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా ఉంటుంది. ఊపిరి 8 నుంచి 16. విశాఖ ఆర్.కె. బీచ్‌లో సాయంత్రం పూట లెక్కపెట్టినవాళ్ళకి ఇంతకన్నా బాగా ఎక్కువే వచ్చి ఉంటుంది. కంగారు పడకండి, అది అప్పుడే ఎవరినో మోసి వచ్చింది. కానీ పావుగంట నీడలో నిలబెట్టాక కూడా అంకె దిగకపోతే ఆ గుర్రానికి ఆ రోజు పని చాలించాలి. ఆ మాట గట్టిగా చెప్పగలగడం మన వృత్తిలో భాగం.

మన ఊరి సంగతి వేరుగా చెప్పుకోవాలి. గుర్రం కూడా మనలాగే చెమట పోసి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. చెమట ఆరినప్పుడే వేడి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ ఉక్కకు చెమట కారడమే గానీ ఆరడం ఉండదు. అందుకని వేసవిలో తరగతి పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించండి. పని అయ్యాక ఒంటి మీద చన్నీళ్ళు పోయండి, మళ్ళీ మళ్ళీ పోయండి. ఇసుక విషయంలోనూ జాగ్రత్త. పొడి ఇసుకలో గిట్ట దిగబడిపోయి కాలి వెనక టెండన్ల (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్ళలాంటి వాటి) మీద భారం పడుతుంది. అల వెనక్కి వెళ్ళిపోయాక గట్టిపడిన తడి ఇసుక మేలు.

ఇక ఇవాళ్టి పాఠం. స్వారీ శిక్షకుల సర్టిఫికెట్ పరీక్షలో మీరు నేర్పే మొదటి ఇరవై నిమిషాల గురించి.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి. బ్రిటిష్ హార్స్ సొసైటీ 1947లో ఏర్పడింది, అక్కడ ఒక్కో స్టేజ్ దాటుకుంటూ పైకి వెళ్ళాలి. అమెరికాలో 1967లో మొదలైన సర్టిఫైడ్ హార్స్‌మన్‌షిప్ అసోసియేషన్ ముఖ్యంగా అయిదు విషయాలు చూస్తుంది: భద్రత, గుర్రం గురించిన జ్ఞానం, నేర్పే తీరు, గుంపును అదుపులో ఉంచడం, బాధ్యతగా మెలగడం. మీరు ఎంత బాగా స్వారీ చేస్తారన్నది ఇందులో ఒక ముక్క మాత్రమే. మీరు పోటీల్లో కప్పులు గెలిచి ఉండొచ్చు. అయినా పరీక్షలో మీ ముందు ఒక విద్యార్థినీ ఒక గుర్రాన్నీ నిలబెట్టి, "నేర్పండి" అంటారు. దేన్ని ముందు చూశారు, దేన్ని వదిలేశారు అన్నదాన్ని పక్కనుంచి గమనిస్తారు.

అందుకే నేను స్వారీ కన్నా చూపు మీద ఎక్కువ సాధన చేయమంటాను.

చూపు నేల మీదే మొదలవుతుంది, పిల్లాడు గుర్రం ఎక్కకముందే. హెల్మెట్ తల మీద పెట్టి, పట్టీ బిగించకుండా తల ఊపమనండి, జారకూడదు. తర్వాత పట్టీ బిగించండి. ఒకసారి పడినప్పుడు నేలకు కొట్టుకున్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర దెబ్బతిని ఉంటుంది. దాన్ని పక్కన పడేయండి, డబ్బులు చూసుకోవద్దు. చెప్పులూ, శాండల్సూ వేసుకొస్తే ఆ రోజు ఎక్కించకండి. మడమ ఉన్న బూటు లేకపోతే పాదం రికాబు (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే ఇనుప వలయం) లోంచి అవతలికి దూరిపోతుంది, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. రికాబు పొడవు చూడటానికి సులువైన కొలత ఉంది. జీను మీద తోలుపట్టీ మొదలయ్యే చోట వేలి కొసలు ఆనించి, రికాబును చేతి వెంట లాగితే అది చంక దాకా రావాలి. బరువు కూడా చూసుకోండి. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని చాలామంది పాటించే లెక్క. 400 కిలోల గుర్రానికి 80 కిలోలన్నమాట. మన దేశవాళీ గుర్రాలు పెద్దవి కావు, ఆ లెక్క ఇక్కడ తొందరగా దాటిపోతుంది.

అన్నింటికన్నా ముఖ్యం గర్త్, అంటే జీనును పట్టి ఉంచేలా పొట్ట కింద కట్టే పట్టీ. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

నేను మొదటిసారి ఒంటరిగా పాఠం చెప్పిన రోజు. పన్నెండేళ్ళ అమ్మాయి, ముందు రోజు రాత్రంతా నిద్రపోలేదట. ముదురు గోధుమరంగు గుర్రం, నెమ్మదస్తురాలు. గర్త్ నేనే బిగించాను, వేళ్ళు పెట్టి చూశాను, గట్టిగానే ఉంది. ఎక్కించాను. అయిదు నిమిషాలు నడిపించాక మలుపు దగ్గర అమ్మాయి ఎడమ వైపు వాలింది. జీను దాంతో పాటు మెల్లగా తిరగడం మొదలైంది. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది: జీను కింది దుప్పటి అంచు, ముడతలు పడి, గుర్రం భుజం మీదుగా పక్కకు జరుగుతోంది. నేను మాత్రం మడమల గురించి మాట్లాడుతున్నాను. మరుక్షణం ఆ పిల్ల ఇసుకలో ఉంది. దెబ్బలు తగల్లేదు. గుర్రం ఆగి నిలబడింది, అది దాని మంచితనం.

గుర్రాన్ని చూసుకునే పెద్దాయన పరుగెత్తుకొచ్చి జీను సరిచేస్తూ అన్నాడు: "కట్టేటప్పుడు ఇది పొట్ట బిగబట్టుకుంటాదమ్మా. నాలుగడుగులు నడిపించి మళ్ళీ బిగించాల."

అప్పటి నుంచి మూడుసార్లు చూస్తున్నాను. ఎక్కకముందు ఒకసారి, ఎక్కిన వెంటనే ఒకసారి, అయిదు నిమిషాలు నడిచాక ఒకసారి. మూడోసారి చూడటం పరీక్షలోనూ మర్చిపోతారు, ఎందుకంటే అప్పటికి పాఠం ఊపందుకుని ఉంటుంది. అందుకే నేను పాఠం ప్లాన్ కాగితంలోనే రాసుకుంటాను: "5వ నిమిషం – ఆపు – గర్త్."

ఎక్కాక మొదటి పాఠం పొడుగు తాడు మీదే చెప్పండి. ఎనిమిది మీటర్ల తాడు చివర గుర్రం మీ చుట్టూ తిరుగుతుంది, మీరు మధ్యలో ఉంటారు. విద్యార్థికి పగ్గాలు ఇవ్వొద్దు. పగ్గాలు గుర్రం నోట్లోని ఇనుప కడ్డీకి కట్టి ఉంటాయి. తూలిన ప్రతిసారీ కొత్తవాళ్ళు వాటినే పట్టుకుని వేలాడతారు, ఆ నొప్పి గుర్రం భరించాలి. బదులుగా మెడకు ఒక తోలుపట్టీ కట్టి దాన్ని పట్టుకోమనండి. తాడును ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి. మడతలుగా పట్టుకోండి. గుర్రం బెదిరి లాగితే చుట్టు బిగిసి వేళ్ళు విరుగుతాయి. చేతికి గ్లవ్స్ ఉండాలి, ఎంత ఉక్కగా ఉన్నా సరే.

ఇప్పుడు పక్కనుంచి చూడండి. చెవి, భుజం, తుంటి, మడమ, ఈ నాలుగూ ఒకే నిలువు గీతలో ఉన్నాయా? కొత్తవాళ్ళెవరికీ ఉండవు. మోకాళ్ళు పైకి, మడమలు పైకి, వీపు ముందుకి, చూపు కిందికి. నాలుగు తప్పులు ఒకేసారి కనబడతాయి. నాలుగూ చెప్పకండి. అన్నిటికీ మూలం ఏదో వెతికి అది ఒక్కటే చెప్పండి. ఎక్కువసార్లు మూలం తుంటి దగ్గరే ఉంటుంది. భయంతో పిల్లాడు పిరుదులు వెనక్కి నెట్టి ముడుచుకుంటాడు, దాంతో వీపు వంగుతుంది, మోకాలు బిగుస్తుంది, మడమ లేస్తుంది. "మడమ కిందికి, మడమ కిందికి" అని అరిస్తే కాలు ముందుకు తంతాడు తప్ప మడమ దిగదు. "నీ జేబులు జీనుకి ఆనించి కూర్చో" అనండి. మిగతావి వాటంతట అవే సర్దుకోవడం మీ కళ్ళతో చూస్తారు.

"భయపడకు" అన్న మాట ఎవరికీ పని చేయదు. చేయాల్సిన పని చెప్పండి. "ఊపిరి వదులు." "ఆ కొబ్బరిచెట్టు చివర చూడు." "నాకు నీ పేరు గట్టిగా చెప్పు." పేరు చెప్పడానికి ఊపిరి కావాలి, ఊపిరి వదిలితే భుజాలు దిగుతాయి.

గుర్రం నడకలు నేర్పడానికి మన దగ్గర సిద్ధంగా ఉన్న సాధనం తాళం. మామూలు నడక నాలుగు దెబ్బలు: త-క-ధి-మి. ట్రాట్ (చిన్న పరుగు)లో ఐమూలగా ఉన్న కాళ్ళు జంటగా పడతాయి కాబట్టి రెండే: త-క, త-క. కాంటర్ (అంతకన్నా వేగమైన పరుగు) మూడు: త-కి-ట, ఆపైన ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయి. కూచిపూడి నేర్చుకునే పిల్లలకి ఇలా చెప్పి చూడండి, వాళ్ళ ఒంటికి అది వెంటనే తెలుస్తుంది. మొదటి పాఠంలో తకధిమి చాలు. కళ్ళు మూసుకుని, ఏ దెబ్బకు తన ఎడమ తుంటి కిందికి దిగుతోందో చెప్పమనండి. వచ్చే వారం ట్రాట్‌లో లయకు తగ్గట్టు లేస్తూ కూర్చుంటూ ఉండటం నేర్పేటప్పుడు ఈ అభ్యాసమే మీ సగం పని చేసిపెడుతుంది.

పద్నాలుగో నిమిషానికి తల్లిదండ్రులు కంచె దగ్గర నుంచి అడుగుతారు: "కాస్త పరిగెత్తించండి మేడమ్, వీడియో తీసుకుంటాం." నవ్వుతూ, స్పష్టంగా, "ఈ రోజు నడకేనండీ" అనండి. బాధ్యత అన్న అంశం కింద పరీక్షకులు చూసేది సరిగ్గా ఇదే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ (గుర్రాన్ని నిర్దేశించిన కదలికల్లో నడిపించే పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది, గుర్రపుస్వారీలో మనకు స్వర్ణం రావడం 1982 ఢిల్లీ క్రీడల తర్వాత 41 ఏళ్ళకి. ఆ రౌతులు కూర్చున్న తీరు వీడియోలో చూడండి. చెవి, భుజం, తుంటి, మడమ. ఆ గీత మొదటి రోజు నడకలోనే పడుతుంది.

ఇక ఈ వారం పని. సాయంత్రం ఆర్.కె. బీచ్‌కి వెళ్ళండి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర గట్టు మీద కూర్చోండి. స్వారీకి ఎక్కిన ఒకరిని ఎంచుకుని, గుర్రం వెనక్కి తిరిగి వచ్చేదాకా కళ్ళు పక్కకు తిప్పకుండా చూడండి. తర్వాత నోట్‌బుక్‌లో ఒకే ఒక్క సవరణ రాయండి, పది మాటలు దాటకుండా, "వద్దు" అన్న మాట లేకుండా. రోజుకి ముగ్గురు, వారానికి ఇరవై ఒక్కటి అవుతాయి. ఇంకోటి: ఇంట్లో తమ్ముణ్ణో చెల్లినో ముక్కాలిపీట మీద గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టి పది నిమిషాలు పాఠం చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. విన్నప్పుడు అయిదో నిమిషం దగ్గర మీ గొంతు "ఆపు, గర్త్ చూద్దాం" అందో లేదో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠం ఆ కాగితాలతోనే మొదలుపెడదాం: దిగడం, గుర్రం బెదిరినప్పుడు ఆపడం.