పరిశోధన వార్త చదువుడు – 4: సగం తగ్గిందంటే ఎందరికి?

పోయిన పాఠం చదివి మిర్యాలగూడ నుంచి ఒకాయన ఫోన్ జేసిండు, "సార్, ఆలివ్ నూనెతోని షుగర్ సగం తగ్గుతదని రాసిన్రు గదా, డబ్బా తెప్పించుకున్న, పొద్దుగాల రెండు చెంచాలు తాగుతున్న, ఇగ గోలీలు బంద్ వెట్టాల్నా" అని. ఇంకో నలుగురు గదే అడిగిన్రు. నాకు భయమైంది, అందుకే కొత్త పాఠం ఆపిన. గోలీలు బంద్ వెట్టొద్దు, ఆ మాట మీ డాక్టర్‌తోనే.

ఆ పాఠంల చెప్పిన ప్రెడిమెడ్ స్పెయిన్‌ల తిండి మీద చేసిన పరిశోధన. అండ్ల రేయుస్ అనే ఊరి కేంద్రంల 418 మందిని మూడు గుంపులు జేసి సుమారు 4 ఏండ్లు చూసిన్రు, మొదలువెట్టిన నాడు వాళ్లల్ల ఒక్కలకు గూడ షుగర్ లేదు. చూసింది కొత్తగ ఎవరికొస్తది అని, ఉన్నది దిగుతదా అని కాదు.

ఇగ "షుగర్ వచ్చుడు 52 శాతం తక్కువ" అన్న కాడనే అందరు జారిన్రు. ఒక్కో గుంపుల 100 మందిని పంక్తిల కూసోవెట్టినట్టు అనుకోండ్రి. కొవ్వు తగ్గించుమన్న గుంపుల సుమారు 18 మందికి వచ్చింది, ఆలివ్ నూనె గుంపుల 10, గింజల గుంపుల 11. నూనె, గింజల గుంపులు రెండు కలిపి, వేరే తేడాలన్ని సర్ది లెక్కగడితే 52 శాతమైంది, గాని కండ్ల ముందట తేడా ఏడెనిమిది మంది. చిన్న సంగతి కాదు, అట్లని సగం ఊరు కాదు. కొవ్వు తగ్గించుమన్న పంక్తిల గూడ 82 మందికి ఆ నాలుగేండ్లల్ల రానే రాలే.

వడ్ల కాంటా కాడ చూడుండ్రి. క్వింటాల్‌కు 2 కిలోల తాలు ఒక కిలో అయితే "సగం తగ్గింది", 18 కిలోలది 9 అయినా "సగం తగ్గింది". రైతు శాతం అడగడు, ఎన్ని కిలోలు కోసినవ్ అంటడు. మీరు గూడ గట్లనే వందకు ముందు ఎందరు, తర్వాత ఎందరు, ఎన్నేండ్లల్ల అని అడగాలె. ఈ మూడు లేని వార్త నేనైతే పక్కకు వెడుత.

వాళ్లు నూనె ఉత్తగ తాగలే, కూరగాయలు, పప్పులు, చేపలు ఉన్న తిండిల వాడిన్రు, మన అన్నం అంతే ఉంచి పైనుంచి నూనె తాగితే అది వేరే ప్రయోగం. గింజలు రోజుకు 30 గ్రాములు, సగం అక్రూట్లు, మిగతావి బాదం, హేజల్‌నట్లు. నేను పాలమూరు పల్లీలే తింట, తరాజుల జోకితే 30 గ్రాములంటే చారెడు గూడ కాలే, గాని ఆ లెక్క పల్లీలకు పట్టదు.

అభ్యాసం: 2025ల దీని తర్వాతి పరిశోధన ప్రెడిమెడ్-ప్లస్ ఫలితం వచ్చింది, తిండిల క్యాలరీలు తగ్గించి, నడిపించి, 6 ఏండ్లు చూస్తే, అట్ల చేయని గుంపుకంటే కొత్తగ షుగర్ వచ్చుడు, తేడాలు సర్ది లెక్కగడితే, 31 శాతం తక్కువ. అట్ల చేయని గుంపుల వందకు 12 మందికొస్తే, చేసిన గుంపుల 9.5. శాతం అన్న మాట రాకుండ, మీ అమ్మకు చెప్పినట్టు ఒకటే వాక్యం రాయుండ్రి. వాళ్లు బరువు గూడ తగ్గిన్రు, ఆ సంగతి అండ్ల రావాలె.