పుస్తకం సరిపోతుందో లేదో ఐదు వేళ్లతో తేల్చుకోవచ్చు

రెండు, మూడు తరగతుల పిల్లలకు కథల పుస్తకం ఇచ్చే ముందు మధ్యలో ఒక పేజీ తీసి పైకి చదివించండి. తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. రెండు మూడు వేళ్లయితే సరైన పుస్తకమే. ఐదూ ముడుచుకుంటే అది మీరు చదివి వినిపించాల్సింది. తెలుగులో ఒక తిరకాసు ఉంది: అర్థం తెలిసిన మాట దగ్గర కూడా వత్తుల వల్ల ఆగిపోతారు. దాన్ని లెక్కలో వేయకండి, మాట అందించి సాగనివ్వండి.

చదివాక "నీతి ఏమిటి?" అని మాత్రం అడగొద్దు, బట్టీ జవాబు అప్పజెప్పేస్తారు. కథ మలుపు తిరిగే పేజీ దగ్గర ఆపి "నువ్వైతే ఏం చేస్తావు? ఎందుకు?" అనండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా మాట్లాడకండి. ఆ వ్యవధి లేకపోతే తరగతిలో చురుకైన ఇద్దరే జవాబులు చెబుతారు.