అత్తిపత్తికి గుర్తుంటుందా? ఇంట్లోనే పరీక్షించండి

కుండీల్లో బాగా వేరూనిన అత్తిపత్తి మొక్కలు నాలుగైనా కావాలి. పొద్దుటిపూటే మొదలుపెట్టండి, సాయంత్రానికి ఆకులు వాటంతటవే ముడుచుకుంటాయి, లెక్క తప్పుతుంది.

వేలితో తాకొద్దు, ప్రతిసారీ ఒకే బలం పడదు. అడుగున మందపాటి స్పాంజి పరిచి, కుండీని 15 సెం.మీ. ఎత్తు నుంచి నిటారుగా వదలండి. 5 సెకన్లకోసారి, మొత్తం 60 సార్లు. 2014లో శాస్త్రవేత్త మోనికా గాలియానో బృందం ప్రచురించిన ప్రయోగంలోని కొలతలివి. మొదట్లో ఆకులు టక్కున ముడుచుకుంటాయి, పోనుపోను తెరిచే ఉంటాయి.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. అది అలవాటా, అలసటా? ఆకు ముడవాలంటే కాడ మొదట్లోని ఉబ్బు కణాల్లోంచి నీరు బయటికి పోవాలి. మళ్లీ నిండటానికి నిమిషాలు పడుతుంది. అందుకే చివరిసారి వదిలిన వెంటనే కుండీని అటూఇటూ ఊపండి. ముడుచుకుందా, సత్తువ ఉన్నట్టే. పడటాన్ని మాత్రమే పట్టించుకోవడం మానేసింది. కదల్లేదా, అలసటే అనుకుని ఆ మొక్కను పక్కన పెట్టేయండి.

వారం తర్వాత మళ్లీ వదలండి. అసలు వదలని మొక్కనూ పోలికకు పెట్టుకోండి. పాతది తెరిచే ఉంటే నేర్చుకుందనొచ్చు. నాడులే లేనిదాన్ని ఆలోచించిందనడం మాత్రం తొందరపాటే. గాలియానో ప్రయోగంలో నీడలో పెంచినవాటిలో ఈ అలవాటు ఇంకా గట్టిగా కనిపించింది: వెలుతురు తక్కువైనచోట ఊరికే ఆకు ముడిస్తే తిండికే నష్టం మరి.